ఎంటర్ నొక్కాక వచ్చిన గమనిక

ఏ కాగితం అడుగునైనా చిన్న అక్షరాల్లో 'గమనిక' అని కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గమనించవలసిన మాట అంత ముఖ్యమైనదైతే దాన్ని తీసుకెళ్ళి కాళ్ళ దగ్గర ఎందుకు పెడతారు? మందు సీసా మీద, గ్యాస్ పొయ్యితో ఇచ్చే పుస్తకంలో, పరీక్ష హాల్ టికెట్టు వెనక, ఎక్కడ చూసినా ఇదే వరస. పెళ్ళి పత్రిక ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తానని మా ఇంట్లో ఎగతాళి చేస్తారు. చూస్తాను మరి. నాకా అలవాటు ఒక శ్రావణ శుక్రవారం పట్టుకుంది.

అప్పుడు నేను మదనపల్లెలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. ఇల్లు పుంగనూరులో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిందంతే. సెల్‌ఫోన్లు టమోటా మండీల వాళ్ళ చొక్కా జేబుల్లో కనిపించేవిగానీ మా ఇళ్ళల్లోకి ఇంకా రాలేదు. సెంటర్లో ఇంటర్నెట్ ఉండేది, అంటే ఉన్నప్పుడు ఉండేది. దాని పుణ్యమా అని ఒక గుంపులో చేరాను. ముఖాలు చూసుకోకుండా ఈ-మెయిళ్ళలోనే మాట్లాడుకునే మనుషులు. కంప్యూటర్‌ను మొదటినుంచి చివరిదాకా తెలుగులో నడిపే వ్యవస్థ ఒకటి తయారుచేస్తున్నారు. దానికి వెల లేదు. ఎవరైనా తీసుకోవచ్చు, కాపీ చేసి పదిమందికి పంచవచ్చు, లోపల ఎలా రాశారో విప్పి చూడవచ్చు, బాగాలేనిచోట బాగుచేసి తిరిగి ఇవ్వవచ్చు. ఈ చివరి సంగతి నాకు భలే నచ్చింది. తప్పు కనిపిస్తే నోరు కట్టుకుని కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు.

ఆ వ్యవస్థంతా ఒక సీడీలో పట్టేది. దాన్ని కంప్యూటర్లోకి ఎలా ఎక్కించాలో చెప్పే రెండు పేజీల కాగితం కూడా వచ్చేది. ఇంగ్లీషులో ఉన్న కాగితాన్ని హైదరాబాదులో ఎవరో కూర్చుని తెలుగు చేశారు. 'స్థాపన సూచనలు' అని పైన పెద్ద అక్షరాలు. మా అమ్మ అది చూసి ఏ దేవుడి గుడికి అని అడిగింది. నేను సెంటర్లో సీడీలు కాపీ కొట్టి, కాగితం జెరాక్స్ తీయించి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఇచ్చేదాన్ని. "ఊరికే ఇస్తాండావంటే ఏదో మతలబు ఉండాదిలే" అని కొందరు చేతులు వెనక్కి లాక్కునేవాళ్ళు.

కుప్పంలో మా అక్క మాత్రం రెండు చేతులా అందుకుంది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. బస్టాండు వెనక సందులో ఆమెకొక తెలుగు టైపింగ్ షాపు ఉండేది. పెళ్ళి పత్రికలు, ప్రశ్నపత్రాలు, తేరు పండగ కరపత్రాలు కొట్టి ఇచ్చేది. ఉన్నది ఒక్కటే కంప్యూటరు. అది నెలకొకసారి వైరస్ తగిలి మంచాన పడేది. అయినా అక్క ఆ కంప్యూటర్ గురించి దిగులుపడేది డబ్బుకు కొట్టే పనుల కోసం కాదు, అయ్యవారి మాటల కోసం.

అయ్యవారంటే ఆ ఊరి బడిలో తెలుగు చెప్పి రిటైరైన పెద్దాయన. కుప్పం చుట్టుపక్కల ఒక ఊళ్ళో తెలుగు, పక్క ఊళ్ళో తమిళం, ఇంకొంచెం పోతే కన్నడం. ఆ మూడూ కలిసి పండిన మాటలు ఏ నిఘంటువులోనూ లేవని ఆయన బాధ. రాసిపెడదామంటే చూపు పోయింది. అందుకని పొద్దున టిఫిను తిని, చేతికర్ర పట్టుకుని అక్క షాపుకొచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఆయన చెప్పేవాడు, అక్క కొట్టేది. రేటు మాట్లాడుకోలేదు. వంటింటి మాటలు అయిపోయాయి, గొడ్ల మాటలు అయిపోయాయి. ఆ రెండింటినీ అచ్చు తీసి పెట్టారు. ఉగాది నుంచి వానమాటలు మొదలుపెట్టారు. వాన సరిగ్గా పడని సీమలో వానకు అన్ని పేర్లున్నాయని నేను అప్పటిదాకా ఎరగను. మబ్బు పడితే మోడం, విడవకుండా కురిస్తే ముసురు, వాన నిలిచిపోయి పైరు మాడితే వరుపు, భూమి ఎంత లోతున తడిసిందో చెప్పడానికి పదును. సన్నగా రాలితే తమిళం వాళ్ళ తూరల్, కన్నడం వాళ్ళ తుంతురు మళె. అయ్యవారు ఒక్కొక్క మాటకు ఏ ఊళ్ళో ఎవరు ఎప్పుడు అన్నారో కూడా చెప్పేవాడట.

చిక్కేమిటంటే, అక్క వాడే పాత తెలుగు అక్షరాలు ఆమె కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా తెరుచుకునేవి కావు. పక్క షాపులో తెరిస్తే చీమలు పాకినట్టు కనిపించేవి. కొత్త వ్యవస్థలో రాస్తే ఏ ఊళ్ళోనైనా తెరుచుకుంటాయని నేనే చెప్పాను. ఆదివారం వచ్చి ఎక్కించి పెడతానన్నాను. అక్క ఒప్పుకోలేదు.

"నువ్వొచ్చేదాకా యాల? కాగితం ఉండాది గదా. అదీ తెలుగే గదా. శ్రావణ శుక్రవారం దినం బాగుండాది, రాహుకాలం రాకముందే మొదలుపెడతాను" అంది.

నేను సంతోషపడ్డాను. ఎవరి సాయం లేకుండా ఎవరికివాళ్ళు చేసుకోవాలనే కదా ఆ కాగితం పుట్టింది.

అదే శుక్రవారం పొద్దున సెంటర్‌కు సెలవు పెట్టి మా ఇంట్లో ఒక పరీక్ష పెట్టుకున్నాను. కంప్యూటర్ తెలియని మనుషులు ఈ కాగితం పట్టుకుని పని చేయగలరా లేదా చూసి చెప్పమని గుంపులో అడిగారు. సెంటర్ వాళ్ళు వదిలేసిన పాత కంప్యూటరు ఒకటి మా వసారాలో కుట్టుమిషను బల్ల మీద ఉండేది. అందులో పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. అమ్మనూ వదిననూ కూర్చోబెట్టి, "మీ పాటికి మీరు చేయండి, నేను ఒక్క మాట కూడా మాట్లాడను" అన్నాను. నేను మాట్లాడకుండా ఉండడమే అసలు పరీక్ష అని వదిన నవ్వింది.

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం పట్టుకుంది. వదిన కీబోర్డు ముందు కూర్చుంది. ఇద్దరూ చెప్పుకోకుండానే పని పంచుకున్నారు. అంతకుముందు శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం అట్లాగే చేశారు. పుస్తకం పట్టుకుని చదివేవాళ్ళు ఒకరు, పీట ముందు కూర్చుని చేసేవాళ్ళు ఒకరు. 'అక్షతలు వేయవలెను' అని చదవగానే అక్షతలు పడాలి. 'దీపం చూపవలెను' అనగానే దీపం లేవాలి. పుస్తకమంతా ముందే చదివేసి తరువాత వ్రతం మొదలుపెట్టేవాళ్ళను మా వైపు నేను చూడలేదు. వ్రతం పుస్తకం రాసినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. ఏది ముందు కావాలో అది ముందే ఉంటుంది.

"సీడీ లోపల పెట్టవలెను" అని అమ్మ రాగం తీసింది. "పెట్టినా అత్తా" అంది వదిన. "భాష ఎంచుకోవలెను." "ఎంచుకున్నా." నాకు నవ్వొచ్చింది. కాగితంలో 'పెట్టండి', 'ఎంచుకోండి' అనే ఉంది. అమ్మ నోట్లో అది వ్రతవిధానమైపోయింది. మొదటి పేజీ అడుగుకు వచ్చారు.

"డిస్కును సిద్ధం చేయడానికి ఎంటర్ నొక్కవలెను."

"నొక్కినా."

తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. మార్పులు చేయబోతున్నాం, కొనసాగించాలా అని. వదిన అత్తగారి వైపు చూసింది.

"శుభమా అని మొదులుపెట్టి నడమ వద్దంటామా? అవుననే నొక్కు" అంది అమ్మ.

వదిన నొక్కింది. అమ్మ నిదానంగా గ్లాసెడు మంచినీళ్ళు తాగి, కాగితం తిప్పి, రెండో పేజీ పైన ఉన్నది చదివింది. "గమనిక. ఈ విధంగా చేసినప్పుడు డిస్కులో అంతకుముందు ఉన్న ఫైళ్ళన్నీ చెరిగిపోతాయి. అవసరమైనవి ముందే వేరేచోట కాపీ చేసి పెట్టుకోండి."

"ముందే అంటే ఎప్పుడత్తా?" అంది వదిన.

"ఏమోమ్మా, మనకు ఇప్పుడే గదా సెప్తాండాడు" అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు.

నేను అమ్మ చేతిలోంచి కాగితం లాక్కున్నాను. ఆ కాగితం నేను ఎన్నోసార్లు చదివాను. కుర్చీలో కూర్చుని, పైనుంచి కిందికి, ఒక్క ఊపులో. అట్లా చదివినప్పుడు గమనిక ఎక్కడున్నా ఒకటే. ఒకరు చదువుతుంటే ఇంకొకరు చేస్తేనే అది ఎక్కడుందో తెలుస్తుంది. కుప్పంలో కూడా ఇద్దరే, అక్కా బావా. బావ చదువుతాడు, అక్క చేస్తుంది. గోడ గడియారం చూశాను. ఎనిమిది దాటింది. రాహుకాలం పదిన్నరకు. అంతకు ముందే మొదలుపెడతానంది.

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వీధి చివర ఎస్‌టీడీ బూత్‌కు పరిగెత్తాను. అక్క షాపులో ఫోన్ లేదు. ఎదురుగా ఉన్న మందుల షాపుకు చేస్తే పిలిచేవాళ్ళు. ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ మోగింది. శ్రావణ శుక్రవారమని ఆ మందుల షాపు మహానుభావుడు కూడా పూజ ముగించుకుని తీరుబడిగా వస్తాడేమో. పలమనేరు బస్సు హారన్ వినపడితే రిసీవర్ పెట్టేసి ఎక్కేశాను.

ఆ ప్రయాణం నాకు పోయిన వారం జరిగినట్టుంది. బస్సు నిండా తలలో పూలు పెట్టుకున్న ఆడవాళ్ళు. అందరి ముఖాలూ ప్రశాంతంగా ఉన్నాయి. అక్కకు కరివేపాకు కోయడానికి పెరట్లోకి పోయినా పొద్దు పోయేది, ఈ రోజు కూడా ఆలస్యం చేస్తుందిలే అనుకున్నాను. ఆ వెంటనే, మంచి పని అంటే అందరికంటే ముందు తలస్నానం చేసి కూర్చునేది అక్కే అని గుర్తొచ్చింది. వానమాటలు ఎక్కడైనా ఫ్లాపీలో పెట్టుకుని ఉంటుందా? కిందటిసారి ఫ్లాపీలకు బూజు పట్టిందని చెప్పింది కదా. అచ్చు తీసి ఉంటుందా? వానమాటలు ముగిశాక ఒకేసారి తీస్తానంది కదా. ఏ వైపు నుంచి వెళ్ళినా ఆలోచన తిరిగి ఆ ఎంటర్ దగ్గరికే వచ్చి నిలబడుతోంది.

గంగవరం దగ్గర బస్సు ఆపి టాపు మీదికి టమోటా బుట్టలు ఎక్కించారు. ఒకటి, ఇంకొకటి, మరొకటి. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తుంటే కండక్టర్ అడిగాడు.

"యాలమ్మా అట్లా సూస్తాండావు? మేమేమన్నా ఎగరతామా?"

"తొందరగా పోవాలప్పా, కుప్పంలో పని ఉండాది."

"అందురికీ తొందరే. పలమనేరులో కుప్పం బండి నీకోసం నిలబడుంటాదిలే" అన్నాడు. నిలబడలేదు. నేను దిగేసరికి అది మలుపు తిరుగుతోంది. తరువాతి బస్సు కోసం బస్టాండులో అటూ ఇటూ తిరిగాను. అక్కడి బూత్‌లోంచి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఎంగేజ్.

వి.కోట దాటేసరికి పదిన్నర అయిపోయింది. ఇంక మిగిలిన ఆశ ఒక్కటే, కరెంటు. కుప్పంలో పొద్దునపూట కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియదు. దాన్ని తిట్టని రోజు మా అక్క జీవితంలో లేదు. నేను ఆ బస్సులో కూర్చుని, స్వామీ, ఈ ఒక్కపూట కరెంటు తీసెయ్ అని దండం పెట్టుకున్నాను. దారిలో ప్రతి ఊళ్ళోనూ టీ అంగడి రేడియో మోగుతోందా లేదా అని చెవులు రిక్కించాను. మోగుతున్నాయి. ఏడాది పొడుగునా ఏడిపించిన కరెంటు ఆ రోజు మాత్రం రెప్ప కూడా కొట్టలేదు.

కుప్పంలో దిగి సందులోకి పరిగెత్తాను. షాపు ముందు ముగ్గు. లోపల కర్పూరం వాసన. కంప్యూటర్ నుదుటన కుంకుమ బొట్టు, నెత్తిన ఒక చామంతి పువ్వు. తెర మీద గుండ్రటి తెలుగు అక్షరాలు మెరుస్తున్నాయి.

అక్క నన్ను చూసి చప్పట్లు కొట్టింది. "వచ్చినావా! సూడు మే, ఎంత ముద్దుగా ఉండాదో. అంతా తెనుగే! యాడా ఒక్క ఇంగిలీసు ముక్క లేదు. మేమిద్దరమే చేసేసినాము" అని బెల్లం పొంగలి గిన్నె నా చేతిలో పెట్టింది. బావ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటూ, "వరస తప్పకుండా సదివినా. ఒక్క అక్షరం వదల్లేదు" అన్నాడు.

ఆ గిన్నె పట్టుకుని ఎట్లా అడగాలో నాకు తెలియలేదు. చివరికి అడిగాను. "అక్కా, వానమాటలు యాడ పెట్టినావు?"

"లోపలే ఉండాయి గదా."

"వేరేచోట కాపీ చేసినావా?"

"లేదు. యాల?"

"గమనిక ఉండాది గదా, రెండో పేజీలో."

బావ కాగితం మడతలు విప్పాడు. "ఆ, సదివినా. ఎంటర్ కొట్టేసినాక వచ్చింది అది. ఇద్దరమూ అనుకుంటిమి కూడా. నిజంగా చెరిగిపోయేటిదుంటే ముందే సెప్పుంటారు గదా, ఇది మనకు కాదులే అనుకుంటిమి."

కాగితాన్ని వాళ్ళు సరిగ్గానే నమ్మారు. నేను కీబోర్డు ముందు కూర్చుని తెలిసిన దారులన్నీ వెతికాను. ఏ గదిలోకి వెళ్ళినా సున్నం వేసిన కొత్త గోడే. అక్క నా వెనక నిలబడి ఉంది. మొదట గబగబా ప్రశ్నలడిగింది. తరువాత నిదానంగా అడిగింది. కాసేపటికి, "నీది కాదులే తప్పు. మా చెయ్యే తొందర. సదువుకున్నోళ్ళయితే ముందే అంతా సదువుకునుందురు" అంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆమె మీద కాదు. ఆమె తనను తాను అట్లా అనుకునేటట్టు చేసిన కాగితం మీద. తిట్టి ఉంటే బాగుండేది. ఇంత పని చెడిపోయి, ఎవరో ముఖం తెలియని మనిషి రాసిన రెండు పేజీలను వెనకేసుకొస్తూ, చేసిన తన చేతులనే తిట్టుకుంటోంది.

అప్పుడే అయ్యవారు వచ్చాడు. గడప కర్రతో తట్టి, కర్పూరం వాసన పీల్చి, "ఏమమ్మా, కొత్తది మొదులుపెట్టినారా?" అన్నాడు. నేనెవరో చెప్పుకుని, జరిగింది నేనే చెప్పాను. ఆయన స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"ఏది పోయింది?"

"వంటింటివీ గొడ్లవీ అచ్చులో ఉండాయి అయ్యవారూ. వానమాటలు పోయినాయి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన కర్ర మీద గడ్డం ఆనించాడు. తరువాత బావ ఉన్న వైపు తిరిగి, "నువ్వు సరిగ్గా సదివుండవు నాయినా" అన్నాడు. బావ ఆయన దగ్గర చదువుకున్నవాడే. బెంచీ ఎక్కిన పిల్లవాడిలా తల దించుకున్నాడు.

"బావ సరిగ్గానే సదివినాడు అయ్యవారూ. కాగితంలోనే తప్పుండాది" అన్నాను.

"అచ్చులో ఉండేది తప్పెట్లవుతాదమ్మా?" అన్నాడాయన. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. జీవితమంతా అచ్చు పుస్తకం చేత్తో పట్టుకుని పాఠం చెప్పిన మనిషి. ఆయనకు కాగితం మొత్తం చదివి వినిపించి, తప్పు ఎక్కడుందో చూపిద్దామనుకున్నాను. చదవలేకపోయాను. షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఎక్కించేటప్పుడు డిస్కు మీద కొత్తది రాసేయడం వల్ల పాతవి వెనక్కి తేవడం కుదరదని గుంపులో తెలిసినవాళ్ళు తేల్చి చెప్పారు. అది నేను అడిగిన మొదటి ప్రశ్న. రెండోది, ఆ గమనికను ఎంటర్ కంటే ముందుకు మార్చండి అని. దానికి వచ్చిన జవాబు నాకు కంఠతా వచ్చు. హెచ్చరిక కాగితంలో ఉంది కదా, మొదలుపెట్టే ముందు అంతా ఒకసారి చదవమని పైన రాశాం కదా, చదవకపోతే మేమేం చేస్తాం అని. నిజమే, రాశారు. మా అమ్మ ఆ వాక్యాన్ని కూడా 'చదవవలెను' అని రాగం తీసి చదివి, తరువాతి వాక్యానికి వెళ్ళింది.

నేను ఊరుకోలేదు. ఊళ్ళో కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఎట్లా పోట్లాడతారో అట్లా పోట్లాడాను, ఈ-మెయిళ్ళలో. మా వైపు ఇద్దరు కూర్చుని చేస్తారు, చదివేవాళ్ళ చేతులు ఖాళీగా ఉంటాయి, చేసేవాళ్ళ కళ్ళు తెర మీద ఉంటాయి, చెవిన పడిన మాట ఆ క్షణమే పని అయిపోతుంది అని రాశాను. మీరు పుస్తకాలు చదివేవాళ్ళ కోసం రాస్తున్నారు, మేం పుస్తకం చదువుతూనే పని చేస్తాం అని రాశాను. కొందరు వెక్కిరించారు. ఒకాయన మాత్రం, మాటలు వద్దు, మీరే మార్చి పంపండి అన్నాడు. విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి తిరిగి ఇవ్వవచ్చు అన్నది నిజమేనని అప్పుడు నమ్మకం కుదిరింది.

సెంటర్లో పాఠాలు అయ్యాక ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడడం మొదలుపెట్టాను. చూస్తుంటే ప్రాణం పోయేది. 'సీడీ తీసి మళ్ళీ మొదలుపెట్టండి' అని ఉంటే ఒక జంట సీడీ తీసి, తుడిచి, మొదటి పేజీ మొదటి వాక్యం నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. కంప్యూటర్‌ను మళ్ళీ మొదలుపెట్టాలని ఎవరు చెప్పారు వాళ్ళకు? 'రహస్య పదం ఇవ్వండి' అనగానే చదివే ఆవిడ గదంతా వినపడేటట్టు, "ఏం పెడదామే? ఎంకటేశ్వరా అని పెట్టు" అంది. తప్పు చేసిన ప్రతివాళ్ళూ నా వైపు తిరిగి, "మాకు రాదమ్మా" అనేవాళ్ళు. ఆ మాట వినపడినచోటల్లా కాగితం మీద ఎర్రగీత గీశాను. గీత గీసినచోటల్లా తిరిగి రాశాను. కాపీ చేసుకోవడాన్ని గమనికగా కాదు, మొట్టమొదటి పనిగా పెట్టాను. అది అయ్యిందో లేదో చదివేవాళ్ళు చేసేవాళ్ళను అడగాలని రాశాను. అయ్యేదాకా పేజీ తిప్పవద్దన్నాను.

అది ఒప్పుకోవడానికి చాలా రోజులే పట్టింది. చివరికి గుంపులోంచి ఒక్క ముక్క జవాబు వచ్చింది. 'సరే, మార్చాం.' దాన్ని చూసి ఎగిరి గంతేయవలసింది. నాకు మాత్రం అంతకుముందు పంచిన సీడీలు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఎవరెవరికి ఇచ్చానో గుర్తు తెచ్చుకుని వెతికి పట్టుకున్నాను. కలకడలో ఒకాయన, ఎక్కించామనీ, అంతా పోయిందనీ, తమకే చేతకాలేదనీ చెప్పి, నన్ను ఇబ్బంది పెట్టినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తంబళ్లపల్లెలో ఒక రైతు మాత్రం సీడీని దారానికి కట్టి చేన్లో వేలాడదీశాడు, పిట్టలు రాకుండా. నేను పంచినవాటిలో ఎవరి కొంపా ముంచనిది అదొక్కటే.

కొత్త కాగితం అచ్చు తీసుకుని ఒక ఆదివారం కుప్పం వెళ్ళాను. అక్కకు చూపించాలని, అయ్యవారికి చదివి వినిపించాలని. కుప్పంలో వాళ్ళిద్దరూ వానమాటలు మళ్ళీ మొదలుపెట్టి అప్పటికే కొన్నాళ్ళయింది. రోజూ కొట్టినదాన్ని ఆ రోజే కాపీ చేసి, ఒకటి ఇంట్లో, ఒకటి అయ్యవారి ఇంట్లో పెడుతోంది అక్క. నేను కాగితం చదివాను. అయ్యవారు తల ఊపుతూ విన్నాడు. "ఇది బాగుండాదమ్మా. ఇట్లయితే మావోడు కూడా తప్పు చేయడు" అన్నాడు. బావ తప్పు చేశాడనే ఆయన ఇంకా అనుకుంటున్నాడు. నేను ఇంక వాదించలేదు.

తరువాత ఆయన పాఠం మొదలుపెట్టాడు. ముసురు, సోన, జడి, వరసగా చెప్పుకుంటూ వచ్చాడు. అక్క వేళ్ళు టకటక కొడుతున్నాయి. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఒకే వాన. గట్టుకు ఈ పక్క సేను తడుస్తాది, ఆ పక్క సేను తడవదు. దానికొక మాటుండాది. గుడుపల్లి పక్క ఒక ముసలామె అంటాండె. నీకు సెప్పినా గదమ్మా మొన్న ఎండాకాలంలో?"

"సెప్పినారు అయ్యవారూ. నేను పడి పడి నవ్వినా కూడా. మీరు కోప్పడినారు" అంది అక్క.

"ఏం మాట అది?"

అక్క కీబోర్డు మీద నుంచి చేతులు తీసింది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదిపింది. నవ్విన సంగతి గుర్తుంది ఆమెకు, ఆ రోజు ఏం చీర కట్టుకుందో కూడా గుర్తుంది. మాట గుర్తులేదు. అయ్యవారు కర్రను నేల మీద మెల్లగా కొడుతూ, "నోటి దగ్గరే ఉండాది, నోటి దగ్గరే ఉండాది" అంటున్నాడు. ఆ మాట రాలేదు. అక్క తెర మీద అక్కడ కొంచెం ఖాళీ వదిలి, తరువాతి మాట చెప్పమంది.